కాపీరైట్‌కు రెండు చైనీస్ మాటలా?

ప్రశ్న: మా అమ్మాయి చైనీస్ అనువాదం నేర్చుకుంటోంది. కాపీరైట్‌కు బాన్‌చ్వాన్, జూజ్వోచ్వాన్ అని రెండు మాటలున్నాయట, ఏది రాయాలండీ?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: టెన్షన్ పడొద్దని చెప్పండమ్మా. మొదటిది అచ్చు హక్కు, రెండోది రచన హక్కు, కానీ రెండూ ఒకటేనని చైనా కాపీరైట్ చట్టమే చెబుతోంది. అనువాదంలో అసలు తంటా ఇంగ్లీషు 'ఫ్రీ'తోనే, దానికి రెండర్థాలు. స్వేచ్ఛ అయితే జీయౌ, డబ్బు అక్కర్లేదంటే మియన్‌ఫెయ్; మనవాళ్లు కూడా ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ను 'ఉచితం' అని రాసేస్తుంటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది, ఎందుకంటే అక్కడ మాట ధర గురించి కాదు, వాడుకుని, మార్చి, పంచుకునే హక్కు గురించి. నాకు బాగా నచ్చింది మాత్రం కాపీలెఫ్ట్‌కు, అంటే మార్చి పంచుకునేవాళ్లు కూడా అదే స్వేచ్ఛను అందరికీ ఇవ్వాలనే లైసెన్సు పద్ధతికి, కొందరు వాడే చైనీస్ మాట. పలికితే దాదాపు జూజ్వోచ్వానే, మధ్య అక్షరం ఒక్కటే మార్చారు. ఆ కొత్త అక్షరానికి అర్థం సాయం, దాని కుడి సగంలో ఉన్నది 'ఎడమ' అనే అక్షరం! అమ్మాయిని రెండూ పక్కపక్కన రాసి చూడమనండి.