గ్రేడ్ పరీక్ష దగ్గరపడింది, పాప పియానో ముట్టుకోనంటోంది

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాం. మా పాపకు ఎనిమిదేళ్లు. ఆరేళ్లప్పుడు పై ఫ్లాట్ వాళ్లింట్లో కీబోర్డు చూసి దాన్ని వదిలి రానని పేచీ పెట్టింది. అంత సరదా పడుతోంది కదా అని పియానో క్లాసులో చేర్పించాం. లండన్‌కు చెందిన పరీక్షల సంస్థ ట్రినిటీ వాళ్ల ఇనీషియల్ పరీక్షలో, అంటే గ్రేడ్ 1 కంటే ముందుదాంట్లో, 91 వచ్చాయి. అందరికీ చెప్పుకున్నాం. గ్రేడ్ 1లో మాత్రం 78 మార్కులే వచ్చాయి. ఇప్పుడు గ్రేడ్ 2కి ఫీజు కట్టాం, రెండు నెలలే టైముంది. క్లాసున్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. ప్రాక్టీస్‌కు కూర్చోమంటే ఏడుపు. ఒకసారి పుస్తకం మంచం కింద దాచేసింది. విచిత్రం ఏమిటంటే, ఎవరూ లేరనుకున్నప్పుడు ఏదో పాత సినిమా పాట వెతుక్కుంటూ వాయిస్తుంది. నన్ను చూడగానే ఆపేస్తుంది. మానిపించేద్దాం అంటారు మావారు. ఇప్పుడు ఆపితే నేర్చుకున్నదంతా పోతుందంటారు టీచర్. పసిపిల్లకు ఎందుకీ తిప్పలని మా అత్తగారు నన్నే అంటారు. నేనేం చేయాలి?
– ఒక తల్లి

సలహా: మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఎవరూ లేరనుకున్నప్పుడు సినిమా పాట వెతుక్కుంటూ వాయిస్తుంది, మిమ్మల్ని చూడగానే ఆపేస్తుంది అన్నారు చూడండి, అక్కడ. దాన్ని మీరు విచిత్రం అన్నారు. నాకేమో మిగతా ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉందనిపించింది. పియానో అంటే విసుగు పుట్టిన పిల్ల ఖాళీ దొరికినప్పుడు దాని దగ్గరికి వెళ్లదు. కాబట్టి ముందు ఆ దిగులు పక్కన పెట్టండి. పాపకు ఇష్టం పోలేదు. పుస్తకాన్ని మంచం కింద దాచినట్టే, ఆ ఇష్టాన్ని కూడా మీ కంట పడకుండా దాచుకుంటోంది.

ఇంట్లో ప్రాక్టీస్ ఎలా జరుగుతుందో మీరు రాయలేదు. నా దగ్గరికి వచ్చే తల్లులు చెప్పేదాన్ని బట్టి ఊహిస్తాను, తప్పయితే ఏమీ అనుకోకండి. సాయంత్రం ఆరున్నర. మీరు వంటింట్లో ఉంటారు, హాల్లో పాప మొదలుపెడుతుంది. మొదటి లైను బాగానే వెళ్తుంది. రెండో లైనులో ఎడమ చెయ్యి జరగాల్సిన చోట తడబడుతుంది. కుక్కర్ కూత మీదుగా మీ గొంతు వినిపిస్తుంది: "మళ్లీ తప్పు! మొదట్నుంచి వాయించు." మళ్లీ మొదటి లైను, మళ్లీ అక్కడే తడబాటు, మళ్లీ మీ గొంతు. అరగంటలో మొదటి లైను ఇరవైసార్లు వాయించి ఉంటుంది, ఆఖరి లైను ఒకటో రెండోసార్లు. ఆ తడబడే చోటు మాత్రం బాగుపడదు. ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి పాప దృష్టి వేళ్ల మీద ఉండదు, వంటింటి వైపు ఉంటుంది.

ఇందులో కొంత అయినా మీ ఇంటికి సరిపోతే, ఈ రోజు నుంచే ఒక పని చేయండి. "మొదట్నుంచి" అనే మాట మానేయండి. తడబడే ఆ రెండు బార్లు (నోట్స్‌లో నిలువు గీతల మధ్య ఉండే ముక్కలు) మాత్రమే, అదీ ఒక్క చేత్తో, నత్తనడకన నాలుగైదుసార్లు వాయించమనండి. తర్వాత రెండో చెయ్యి, ఆ తర్వాత రెండూ కలిపి. అయిదు నిమిషాల పని. అది కుదిరితే ఆ రోజుకు పరీక్ష పీసు మూసేయొచ్చు. ఎనిమిదేళ్ల పిల్లకు ఒక్క విడతకు పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. బలవంతంగా గంట కూర్చోబెడితే మిగతా ముప్పావుగంట తప్పులే ప్రాక్టీస్ అవుతాయి.

ఇక ఆ "78 మార్కులే" సంగతి. ట్రినిటీ పరీక్షలో నూటికి 60 వస్తే పాస్, 75 వస్తే మెరిట్, 87 వస్తే డిస్టింక్షన్. అంటే మీ పాపకు వచ్చింది మెరిట్. ఆ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, "మాత్రం", "మార్కులే" అన్నవి మాత్రం ఉన్నాయి. మీరు పాప ముందు కూడా ఇలాగే అని ఉంటారని నా అనుమానం. అనకపోయినా, 91 వచ్చినప్పుడు ఫోన్లు చేసి, 78 వచ్చినప్పుడు ఎవరికీ చేయకపోతే పిల్లకు అర్థం కాదా? ఎనిమిదేళ్ల పిల్లలు మన మాటలకంటే మన ఫోన్లనే జాగ్రత్తగా వింటారు. తప్పు పూర్తిగా మీదనను. మన ఇళ్లలో పరీక్ష అంటే ర్యాంకు, పోయినసారికంటే తగ్గితే పతనం. ఎంసెట్‌కు పనికొచ్చే ఆ లెక్కను తెచ్చి ఎనిమిదేళ్ల పిల్ల వేళ్ల మీద పెట్టాం.

నా సంగతి ఒకటి చెప్తాను. నా చిన్నప్పుడు విజయవాడలో మా అమ్మ నన్ను గాత్రం క్లాసులో చేర్పించింది. సరళీ వరుసలు, జంటలు, గీతాలు, వర్ణాల దాకా ఇష్టంగానే వెళ్లాను. తర్వాత సర్టిఫికెట్ పరీక్షకు కట్టించారు. ఆ ఏడాదంతా సిలబస్‌లో ఉన్న కీర్తనలు తప్ప ఇంకోటి పాడనివ్వలేదు. పాసయ్యాను, ఫస్ట్ క్లాసే. సర్టిఫికెట్ ఇప్పటికీ బీరువాలో ఉంది. శ్రుతిపెట్టె మాత్రం పరీక్ష అయిన వారంలోనే అటకెక్కింది, మళ్లీ దింపలేదు. చుట్టాలు వచ్చినప్పుడు ఆ కీర్తనల్లోంచే ఒకటి పాడేసేదాన్ని కాబట్టి మా అమ్మకు చాలాకాలం ఏ తేడా తెలియలేదు.

అలాగని ఈ గ్రేడ్ పరీక్షలను తిట్టను. ఇవి నిన్నమొన్న పుట్టినవి కావు. పందొమ్మిదో శతాబ్దంలోనే లండన్‌లో మొదలయ్యాయి. ట్రినిటీలాగే గ్రేడ్ పరీక్షలు పెట్టే ఏబీఆర్‌ఎస్ఎం సంస్థ పెట్టిందే 1889లో. తెలియని మనిషి ముందు కూర్చుని మొదలుపెట్టింది పూర్తి చేయడం పిల్లలకు మంచి అనుభవమే. కొందరు పిల్లలు నిజంగా సరదా పడతారు. చిక్కల్లా ఎక్కడ వస్తుందంటే, పరీక్షకు కావాల్సిన మూడు పీసులే ఏడాది మొత్తం సంగీతం అయిపోయినప్పుడు. మీ పాప ఈ ఏడాది క్లాసులో ఆ మూడూ కాకుండా ఇంకేం నేర్చుకుందో ఒకసారి పుస్తకాలు తీసి చూడండి. ఏమీ లేదని తేలితే, రోజూ మూడు పూటలా పప్పుచారు పెట్టి పిల్ల అన్నం తినట్లేదని బాధపడటం లాంటిదే ఇది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ సెషన్‌లో గ్రేడ్ 2 రాయించాలా? నన్నడిగితే వద్దు. కట్టిన ఫీజు తిరిగి రాకపోవచ్చు. పోనివ్వండి. డబ్బు కట్టేశాం కదా అని పిల్లను పరీక్ష గదిలోకి పంపడం, టికెట్ కొన్నాం కదా అని జ్వరంతో సినిమాకు వెళ్లడం లాంటిది. మీకు బహుశా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఈ పరీక్షలకు ఇంత వయసుకు ఇంత గ్రేడ్ అనే లెక్క లేదు, కింది గ్రేడ్ పాసైతేనే పై గ్రేడ్ అనే నిబంధన కూడా చిన్న గ్రేడ్లలో లేదు. గ్రేడ్ 1 అయ్యాక రెండేళ్లు హాయిగా రకరకాలు వాయించుకుని నేరుగా గ్రేడ్ 3కి కూర్చోవచ్చు. ఎదురు ఫ్లాట్ అబ్బాయి ఏ గ్రేడ్‌లో ఉన్నాడన్నది, ఉన్నాడో లేడో నాకు తెలియదు గానీ ఎక్కడో ఒకడు ఉంటాడు, మీకు సంబంధం లేని విషయం.

పరీక్ష వాయిదా వేయమన్నానే గానీ క్లాసు మానిపించమనలేదు. అక్కడ మీవారితో నాకు పేచీ. ఇప్పుడు ఉన్నట్టుండి మానిపిస్తే, తను ఓడిపోయింది కాబట్టే అమ్మానాన్న తీసేశారని పాప అనుకుంటుంది. ఒంటరిగా వాయించుకుంటున్న ఆ పాట కూడా ఆగిపోతుంది.

టీచర్ దగ్గరికి మీరే వెళ్లండి, పాప లేకుండా. ఫిర్యాదు చేసే ధోరణిలో వద్దు. కడుపునొప్పి, మంచం కింద పుస్తకం, సినిమా పాట, ఈ మూడూ ఉన్నదున్నట్టు చెప్పండి. పాప ఇంట్లో ఇలా ఉంటోందని చాలామంది టీచర్లకు తెలియనే తెలియదు, క్లాసులో బుద్ధిగా కూర్చుంటుంది కదా. ఆర్నెల్లు పరీక్ష మాట లేకుండా, ఇప్పుడున్న స్థాయికంటే కాస్త తేలికైన పీసులు ఎక్కువ సంఖ్యలో చెప్పమని అడగండి. నెలకు రెండు కొత్తవి వచ్చినా చాలు. ఏడాదికి మూడు కష్టమైనవి వాయించిన పిల్లకంటే, ఇరవై తేలికైనవి వాయించిన పిల్లకు నోట్స్ చదవడం బాగా వస్తుంది, సైట్ రీడింగ్ (ముందు చూడని నోట్స్‌ను అప్పటికప్పుడు చదివి వాయించడం) అంటే బెదురు ఉండదు. టీచర్‌తో కలిసి వాయించే డ్యూయెట్లు కూడా అడగండి. పాప నాలుగు స్వరాలు వాయిస్తే పక్కన టీచర్ మిగతాది నింపుతారు, అప్పుడు గదంతా మోగుతుంది. ఒంటరిగా స్కేల్స్ వాయించే పిల్లకు అదొక పండుగ.

తర్వాత ఎప్పుడైనా పరీక్షకు వెళ్తే, సిలబస్‌ను పాప వైపు నుంచి చదవమని టీచర్‌ను అడగండి. ట్రినిటీలో మూడు పీసులకు 66 మార్కులు, స్కేల్స్ వంటి టెక్నికల్ వర్క్‌కు 14, రెండు చిన్న టెస్టులకు చెరో 10. ఈ టెస్టులు గ్రేడ్ 5 వరకు నాలుగు రకాల్లోంచి ఏవైనా రెండు ఎంచుకోవచ్చు. అందులో ఇంప్రొవైజేషన్ ఒకటి, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లి వాయించడం. చెవితో పాట వెతుక్కునే పిల్లకు అది నప్పొచ్చు. ఎవరూ అడగకుండానే చాలాచోట్ల సైట్ రీడింగ్, ఆరల్ (సంగీతం విని జవాబులు చెప్పడం) అని ఖాయం చేసేస్తారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా అభ్యర్థి చెప్పుకోవచ్చు. ఇష్టమైన పీసుతో మొదలుపెడితే చేతుల వణుకు సగం తగ్గుతుంది. ఎగ్జామినర్ నవ్వకుండా తలొంచుకుని రాసుకుంటూ ఉంటారని, అది తప్పులు లెక్కపెట్టడం కాదు, వాళ్ల పనే అదని ముందే చెప్పండి. చాలామంది పిల్లలు బెదిరేది ఆ నిశ్శబ్దానికే. మధ్యలో తప్పు పడితే ఆగకుండా ముందుకు వెళ్లడం ఇంట్లోనే అలవాటు చేయండి. మీ "మొదట్నుంచి" నేర్పింది దానికి సరిగ్గా ఉల్టా.

వీడియో తీసి పంపే పరీక్షలు కూడా ఇప్పుడున్నాయి. గది భయం ఉండదు కదా అని మీకు అనిపించొచ్చు. కానీ అన్ని పీసులూ ఆపకుండా ఒకే టేక్‌లో వాయించాలి, ముక్కలు అతికించడానికి లేదు. ఇంట్లో ఏమవుతుందంటే, ఇంకొక్క టేక్, ఇంకొక్క టేక్ అంటూ ఆదివారం మొత్తం అయిపోతుంది. మీకు "మూడే టేకులు" అని ఆగే నిగ్రహం ఉంటేనే ఆ దారి చూడండి.

ఒక చిన్న మాట, అడగలేదు గానీ చెప్తాను. ఇంట్లో ఉన్నది 61 కీల మామూలు కీబోర్డు అయితే, దాని మీద వేళ్లకు బరువు తెలియదు. పరీక్షలో అసలు పియానో ఎదురైతే కీలు గట్టిగా తగులుతాయి, ఇంట్లో వచ్చిన శబ్దం అక్కడ రాదు. గ్రేడ్ 1లో మార్కులు తగ్గడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు. వీలైతే 88 వెయిటెడ్ కీల, అంటే అసలు పియానోలా బరువు తెలిసే కీల డిజిటల్ పియానో చూడండి. లేదంటే ట్రినిటీలోనే ఎలక్ట్రానిక్ కీబోర్డుకు వేరే గ్రేడ్ పరీక్షలున్నాయి. ఇంకోటి, స్టూలు మీద కూర్చుంటే పాప కాళ్లు గాల్లో వేలాడుతున్నాయేమో చూడండి. కింద చిన్న పీట వేయండి. కాళ్లు ఆనకపోతే నడుం నిలవదు, చేతులు తొందరగా లాగుతాయి. ఆ నొప్పి పిల్లలకు చెప్పడం రాదు, "నాకొద్దు" అంటారంతే.

కడుపునొప్పి క్లాసు రోజుల్లోనే వస్తోందంటే అది టెన్షనే కావొచ్చు. నటన అని మాత్రం అనకండి, టెన్షన్‌కు పిల్లలకు కడుపు నిజంగానే నొప్పెడుతుంది. మిగతా రోజుల్లోనూ వస్తున్నా, తిండి, నిద్ర తగ్గినా, బడికి కూడా వెళ్లనంటున్నా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

పాపతో ఈ సంగతి ఎలా చెప్పాలి? రాత్రి పడుకునేముందు "పరీక్ష రాస్తావా, మానేస్తావా" అని తేల్చమనకండి. అంత బరువు ఆ వయసుకు మోయించకూడదు. నిర్ణయం మీరు తీసుకుని మామూలుగా చెప్పండి: "ఈసారి పరీక్ష వద్దులే, నేనూ టీచరూ మాట్లాడుకున్నాం. ఊరికే కొత్తవి వాయించుకో." పాప నమ్మదు. నాలుగు రోజులు మీ మొహం వంక చూస్తుంది, లోపల కోపంగా ఉన్నారేమోనని. ఆ నాలుగు రోజులే మీకు కష్టం. అయిదో రోజు ఎవరో ఫోన్ చేసి "గ్రేడ్ 2 అయిందా" అంటారు. పాప వింటుండగా ఏం జవాబు చెప్తారో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. "ఇప్పుడు సరదాగా వాయిస్తోందండీ" అంటే చాలు, వివరణ అక్కర్లేదు.

మీ అత్తగారి మాట మీకు కష్టంగా తోచినట్టుంది. ఆవిడ అన్నదాంట్లో విసురు ఉన్నా, పిల్ల పక్షాన మాట్లాడుతున్నారు. పైగా పాప వెతుక్కుంటున్న పాత సినిమా పాట మన ఇద్దరికంటే ఆవిడకే బాగా వచ్చి ఉంటుంది. సాయంత్రం ఆవిణ్ని హాల్లో పాప పక్కన కూర్చోబెట్టండి. పల్లవి ఎక్కడ ఆగిందో అక్కడ ఆవిడే అందిస్తారు. మీరు మాత్రం వంటింట్లోంచి బయటికి రాకండి, కుక్కర్ కాస్త ఆలస్యంగా పెట్టుకోండి.