పెట్టె చవక, బొమ్మ మసక

ప్రశ్న: మా పాత ఫుల్ హెచ్‌డీ టీవీకి ఆండ్రాయిడ్ బాక్స్ కొందామనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో రెండు వేలకే ‘8కె, 8 జీబీ ర్యామ్’ అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఆ ధరకు ఆ అంకెలు నమ్మకండి. ముందు చూడాల్సింది ర్యామ్ కాదు, వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కాకుండా గూగుల్ వేసే తాళం) ఎల్1, అంటే పై స్థాయిది, ఉందా లేదా అన్నది. కింది స్థాయి ఎల్3 మాత్రమే ఉంటే నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీ ఇవ్వవు. నెట్ ఎంత వేగంగా ఉన్నా అంతే: సబ్‌టైటిళ్లు స్పష్టంగానే ఉంటాయి, మొహాలు మాత్రం అలికినట్టు కనిపిస్తాయి. పైగా ఇలాంటి పేరులేని పెట్టెల్లో చాలావాటిలో ఉండేది ఫోన్ ఆండ్రాయిడే, పైన టీవీ ముసుగు. కొన్నింటిలో మాల్‌వేర్ కూడా ముందే ఎక్కించి ఉంటుంది. గూగుల్ సర్టిఫికేషన్ ఉన్న ఆండ్రాయిడ్ టీవీ లేదా గూగుల్ టీవీ బాక్సే తీసుకోండి. కొన్న రోజే ‘డీఆర్ఎం ఇన్ఫో’ యాప్ వేసి సెక్యూరిటీ లెవెల్ చూడండి. ఎల్3 అని ఉంటే గడువు దాటకముందే వాపసు పంపేయండి.

మీ టీవీకి 4కె మోడల్ దండగ. 2 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ, 5 గిగాహెర్ట్జ్ వైఫై చాలు.

ఇంకో మాట. బాక్స్‌కు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. చాలా టీవీల్లో అది 0.5 ఆంపియరే ఇస్తుంది, సినిమా మధ్యలో బాక్స్ రీస్టార్ట్ అవుతుంది. బాక్స్‌తో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గుకు పెట్టండి.