నాలుగు కొత్త మగచేపలు తెస్తే శీలావతి (రోహు) బ్రూడర్ల రక్తం మారుతుందా?

ఒక హేచరీ రైతు, 8 ఏళ్లుగా సొంత చేపపిల్లలోంచే బ్రూడర్లు (గుడ్లు తీయడానికి ఉంచే తల్లి, తండ్రి చేపలు) కడుతున్నామని, ఇప్పుడు పిల్ల ఎదగట్లేదని, 4 మగవి బయటి నుంచి తెచ్చి 60 ఆడవాటికి వాడితే చాలా అని అడిగారు. చాలదండి. వచ్చే తరం మొత్తానికీ ఆ నాలుగే తండ్రులైపోతాయి.

లెక్క చూడండి. మగవాటిని ఆడవాటితో హెచ్చవేసి, దాన్ని మళ్లీ 4తో హెచ్చవేసి, మొత్తం చేపలతో భాగించాలి. మీకు వచ్చేది 15. చెరువులో 64 చేపలున్నా జన్యుపరంగా 15 ఉన్నట్టే. తరానికి 3 శాతం పైన ఇన్‌బ్రీడింగ్, అంటే దగ్గరి రక్తసంబంధం ఉన్నవి కలవడం, పెరుగుతుంది. అదే 64ని 32 మగ, 32 ఆడగా వాడితే 1 శాతం లోపే.

కైకలూరు వైపు హేచరీల్లో పనిచేస్తూ నేను ఎక్కువగా చూసింది ఇంకో సంగతి. సీజన్ మొదట్లో బాగా వచ్చిన ఒక్క బ్యాచ్‌లో పెద్ద పిల్లని ఏరి బ్రూడర్లకి ఉంచేస్తారు. శీలావతి కిలో బరువుకి రెండు లక్షల పైనే గుడ్లు పెడుతుంది, రెండు తల్లులు చాలు మీ బ్రూడర్ చెరువు నిండిపోవడానికి. అన్నీ తోబుట్టువులే! అందుకని మేం జూన్ నుంచి ఆగస్టు దాకా తీసిన ప్రతి బ్యాచ్‌లోంచీ సమానంగా కొన్ని పిల్లల్ని తీసి, వేర్వేరు హాపాల్లో (చెరువులో కట్టే వల తొట్టెల్లో) పెంచేవాళ్లం. బ్రూడర్లని మూడు చెరువులుగా విడదీసి, ఒక చెరువు మగవాటిని పక్క చెరువు ఆడవాటికి వాడేవాళ్లం. రిజిస్టరులో బ్యాచ్ తేదీ, ఏ చెరువు మగవి, ఏ చెరువు ఆడవి, ఎన్నెన్ని అనేది రాస్తే చాలు. ఈ పనికి ఖర్చు దాదాపు లేదు, ఓపికే కావాలి.

కొత్త రక్తం తప్పక తెండి, కానీ పక్క హేచరీ నుంచి వద్దు. వాళ్ల మూలం కూడా మీదే అయ్యుండొచ్చు. భువనేశ్వర్‌లోని సీఫా (కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ) 1997లో విడుదల చేసిన జయంతి రోహుకి గంగ, యమున, బ్రహ్మపుత్ర, గోమతి, సట్లెజ్ నదుల చేపలు మూలం. ఆ పిల్లని కూడా ఒకే బ్యాచ్ నుంచి కాకుండా వేర్వేరు బ్యాచ్‌ల నుంచి అడిగి తీసుకోండి.

ఇంకోటి, ఎదుగుదల తగ్గడానికి మేత, చెరువులో పిల్ల మరీ వత్తుగా ఉండటం కూడా కారణం కావచ్చు. మీ పిల్లనీ బయటి పిల్లనీ ఒకే సైజువి, ఒకే చెరువులో వేసి చూడండి. గుర్తుకి రెక్క కొస కత్తిరిస్తే మళ్లీ పెరిగిపోతుంది కాబట్టి బ్రూడర్లకి మాత్రం పిట్ ట్యాగే వేయించండి. చేప ఒంట్లోకి ఎక్కించే చిన్న చిప్ అది, బియ్యపుగింజంత ఉంటుంది, స్కానర్ పెడితే నంబరు చూపిస్తుంది.