మందుల షాపు పెడుతున్న మేనకోడలికి

అమ్మలూ,

కూర్మన్నపాలెంలో నువ్వు షాపు అద్దెకి తీసుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. అడ్వాన్సు ఇచ్చేశాక చెప్పింది, అంటే వద్దంటానని ఇద్దరూ భయపడ్డారన్నమాట. వద్దననులే. మన ఇళ్లలో బీఫార్మసీ చదివిన మొదటి పిల్లవి, నీ పేరు మీద లైసెన్సు వస్తోంది. మీ అత్తయ్య అప్పుడే వీధంతా చెప్పొచ్చింది. నాకు మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. షాపు నడుస్తుందా అన్న టెన్షన్ లేదు, ఆ జంక్షన్‌లో ఏ మందుల షాపైనా నడుస్తుంది. నీకు మొహమాటం ఎక్కువ. నా బెంగంతా దాని గురించే.

మామూలు సంగతులు ముందు కానిచ్చేద్దాం. ఫారం 20, 21 లైసెన్సులు చేతికొచ్చేదాకా ఒక్క స్ట్రిప్ కూడా దించకు. గది 10 చదరపు మీటర్లకు తగ్గకూడదు, కొలిచే ఉంటావు. ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ పెట్టించు. మన ఉప్పుగాలికి షట్టర్ తుప్పు పడుతుంది, ముందే రంగు వేయించు. ఎక్స్‌పైరీ అయిన సరుకు వేరే పెట్టెలో. చాలు.

ఇక యాంటీబయాటిక్స్. నాకు నీకంటే ఎక్కువ తెలుసని రాయట్లేదు. నీకు ఫార్మకాలజీ పాఠాలు వచ్చు, నాకు కౌంటర్ వచ్చు. మన దగ్గర ఏ యాంటీబయాటిక్ ఎవరి కడుపులోకి వెళ్లాలో చాలాసార్లు తేలిపోయేది ఆ కౌంటర్ మీదే. సాయంత్రం షిఫ్టు దిగిన టైముకి చూడు. కాంట్రాక్టు కూలీ ఒకడు వచ్చి "అమ్మా, జ్వరం, ఒళ్లు నొప్పులు, మూడు పూటలకి ఇయ్యి" అంటాడు. చీటీ ఉండదు. డాక్టరు దగ్గర కూర్చుంటే రేపటి కూలి పోతుంది. కరోనా దగ్గర్నుంచి అజిత్రోమైసిన్ పేరు అందరి నోటికీ వచ్చేసింది, ఇంకొకడు పేరు చెప్పి మరీ అడుగుతాడు. కుదరదంటే "పక్క షాపులో ఇస్తన్నారు, నువ్వేటమ్మా కొత్తగా" అంటాడు. అప్పుడు నువ్వేం చేస్తావో నాకు తెలుసు. చిన్నప్పుడు కొట్లో చిల్లర తక్కువిస్తే అడగలేక ఇంటికొచ్చి ఏడ్చేదానివి.

నేను సొంత షాపు పెట్టకముందు విశాఖ వన్‌టౌన్‌లో ఒకాయన దగ్గర పనిచేశాను, నీకు తెలుసు కదా. మా ఓనరు చెడ్డమనిషి కాదు. అవసరం వచ్చినవాళ్లకి తన జేబులోంచి ఆటో డబ్బులు ఇచ్చి ఆస్పత్రికి పంపేవాడు. ఆ షాపుకి పోర్టులో పనిచేసే కళాసీ ఒకడు వచ్చేవాడు. వాళ్లావిడకి ఒకసారి మూత్రంలో మంట వస్తే ఎవరో డాక్టరు సిప్రోఫ్లాక్సాసిన్ 500, రోజుకి రెండు, అయిదు రోజులకి రాశారు. మందు వేసుకుంది, తగ్గింది. ఆ చీటీ చెమటకి చిరిగిపోతోందని అతను జిరాక్సు షాపులో లామినేషన్ చేయించాడు. రేషన్ కార్డుతో పాటు దాన్నీ జేబులో పెట్టుకుని తిరిగేవాడు. తేదీ ఉన్న మూల ముందే చిరిగిపోయింది, కనుక ఆ చీటీకి వయసు లేదు. దాని మీద ఆవిడ మంటకి ఒకసారి, పిల్లాడికి విరోచనాలైతే ఒకసారి, పండక్కి వచ్చిన బావమరిదికి జ్వరమొస్తే ఒకసారి, పక్కింటివాళ్లకి ఇంకోసారి మందు కొన్నాడు. ఒక్కోసారి పది మాత్రలు, చేతిలో డబ్బు లేనప్పుడు నాలుగు. అతను గుమ్మంలోకి రాగానే మా ఓనరు నవ్వుతూ "ప్లాస్టిక్ చీటీ వచ్చాడ్రా" అనేవాడు. డాక్టరు ఫీజు మిగిలింది పాపం అనుకుని మాత్రలు కోసి ఇచ్చేవాడు. ఇద్దరూ ఒకరికొకరు సాయం చేసుకుంటున్నామనే అనుకున్నారు.

కొన్నేళ్లకి ఆవిడకి మళ్లీ మంట వచ్చింది. ఈసారి మాత్రలకి తగ్గలేదు. చలి, వణుకు, నడుము పక్కన పోటు, వాంతులు. ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి ఎక్కింది. ఆస్పత్రిలో చేర్చి యూరిన్ కల్చర్ చేయించారు, అంటే మూత్రంలో ఏ క్రిమి ఉంది, అది ఏ మందుకి లొంగుతుంది అని చూసే పరీక్ష. ఆ రిపోర్టు పట్టుకుని అతను మా షాపుకే వచ్చాడు. ఎడమవైపు వరసగా మందుల పేర్లు, కుడివైపు ఒక్కోదానికి ఒక్కో అక్షరం. ఎస్ అంటే మందు పనిచేస్తుంది, ఆర్ అంటే పనిచేయదు. మా ఓనరు కళ్లజోడు పెట్టుకుని పేరు పేరు మీదా వేలు పెట్టి చదివాడు. యాంపిసిలిన్ ఆర్. కోట్రైమోక్సజోల్ ఆర్. సిప్రో ఆర్. సెఫోటాక్సిమ్ ఆర్. ఆ వేలు అలా కిందికి దిగుతూనే ఉంది. అట్టడుగున ఇమిపెనెమ్ దగ్గర ఎస్ కనపడింది. అది ఇంజెక్షను, అప్పట్లో ఒక్క రోజు మందు ఖర్చే ఆ ఇంటికి మోయలేని బరువు. పుస్తెలతాడు తాకట్టుకి వెళ్లింది. ఆవిడ బతికింది, అదృష్టం.

అంతా ఆ చీటీ వల్లే అని ఒట్టేసి చెప్పలేం. అలాంటి బ్యాక్టీరియా నీళ్లలోంచి రావచ్చు, తిండిలోంచి రావచ్చు, ఆస్పత్రి మంచం మీంచీ రావచ్చు. మందుని ఎదుర్కొనే జన్యువుని ఒక జాతి బ్యాక్టీరియా ఇంకో జాతికి కూడా అందిస్తుంది, ఆ జన్యువుల్ని మోసుకెళ్లే ప్లాస్మిడ్ల గురించి నువ్వు చదువుకున్నదేగా. కానీ మందు పడ్డ ప్రతిసారీ లొంగే క్రిములు చచ్చి, లొంగనివాటికి చోటు ఖాళీ అవుతుంది. ల్యాబులో మంచి వసతి ఉంటే ఇ.కోలై అనే బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఆ ఇంట్లో, ఆ వీధిలో అన్నేళ్లపాటు అదే పని జరిగింది.

నన్ను ఇప్పటికీ వదలనిది రిపోర్టు కాదు. ఆవిడ ఇంటికొచ్చాక మా ఓనరు "ఆ చీటీ ఇటివ్వు, చింపేస్తా" అన్నాడు. అతను జేబు మీద చెయ్యి వేసుకుని "ఉండనీండి బాబూ, ఇంట్లో ఇంకెవరికైనా పనికొస్తది" అన్నాడు. అన్ని ఆర్‌లు చదివి వినిపించాం, ఆర్ అంటే ఏమిటో మాత్రం ఎవరూ అతనికి అర్థమయ్యేలా చెప్పలేదు. నువ్వు చెప్పు. కౌంటర్ మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పు: "ఈ మందు అనవసరంగా వాడితే రేపు అవసరానికి పనిచేయదు, అప్పుడు ఇంజెక్షన్లకి వేలు పోయాలి." వేలు అన్నమాట వినగానే మనిషి ఆగుతాడు. మొహమాటపడకుండా చెప్పగలిగే మాట కూడా అదే.

సగం కోర్సు సంగతి. రోగం తగ్గిందని ఆపేసేవాళ్ల గురించే పుస్తకాల్లో రాస్తారు. నేను చూసినంతలో చాలామంది డబ్బు చాలక సగం కొంటారు. కనుక కత్తెర తీసేముందు ధర తక్కువున్న జెనరిక్ చూపించు. అదీ కుదరకపోతే మొత్తం కోర్సు చేతికిచ్చి మిగతాది ఖాతాలో రాసుకో. యాంటీబయాటిక్ అరువివ్వు, టానిక్ మాత్రం అరువివ్వకు. నేను ఇలా అరువిచ్చిన డబ్బు కొంత మునిగింది, ఫర్వాలేదు. స్ట్రిప్ కోయక తప్పకపోతే బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క నీ దగ్గరే ఉంచుకుని చివరికి అమ్ము. ఎన్ని రోజులన్నది మాత్రం డాక్టరు మాటే. ఎక్కువ రోజులు వాడితే మంచిదని మా కాలంలో మంత్రంలా చెప్పేవాళ్లం. ఇప్పుడు చాలా జబ్బులకి చిన్న కోర్సే చాలని తేలింది, మామూలు న్యుమోనియాకి అయిదు రోజులు సరిపోతాయంటున్నారు. నువ్వు కలపకు, నువ్వు కోయకు.

ర్యాకు ఎలా సర్దాలో కూడా చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ని యాక్సెస్ (ముందుగా వాడేవి), వాచ్ (జాగ్రత్తగా వాడేవి), రిజర్వ్ (ఆఖరి అవసరానికి దాచేవి) అని మూడు గుంపులు చేసింది. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, నైట్రోఫ్యురాంటోయిన్ లాంటివి మొదటి గుంపు, చేతికందే ఎత్తులో పెట్టు. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సిప్రో వాచ్ గుంపు, పై అరలో పెట్టు. స్టూలు ఎక్కి తీయాల్సి వస్తే తీసేలోపు ఒకసారి ఆలోచిస్తావు. లైన్‌జోలిడ్, కొలిస్టిన్ రిజర్వ్ గుంపు, వాటికి చీటీ చూశాకే స్టాకిస్టుకి ఫోన్ చెయ్యి. ఇక మెడికల్ రెప్‌లు. కొత్త షాపని తెలియగానే వాలిపోతారు, పదికి మూడు ఫ్రీ అని స్కీమ్ చూపిస్తారు. ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడాజోల్ కలిపిన మాత్రల్లాంటివి పెట్టెలు పెట్టెలు దించేస్తారు. సరుకు దిగితే అమ్మబుద్ధవుతుంది, అది మానవ సహజం. విరోచనాలన్న ప్రతి పిల్లాడికీ అదే ఇవ్వాలనిపిస్తుంది. నువ్వు ఓఆర్‌ఎస్ దించుకో, జింకు దించుకో. పిల్లల విరోచనాల్లో చాలావాటికి కావాల్సింది ఆ రెండే, జింకు 14 రోజులు.

హెచ్1 జాబితాలో ఉన్న మందులు అమ్మినప్పుడల్లా రాయాల్సిన రిజిస్టరు మొదటి రోజు నుంచే రాయి. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న రూలు: డాక్టరు పేరు, అడ్రసు, పేషెంటు పేరు, మందు, ఎన్ని మాత్రలు, అన్నీ రాసి మూడేళ్లు దాచాలి. సెఫిక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్ అందులో ఉన్నాయి. అజిత్రోమైసిన్, సిప్రో అందులో లేవు కదా అని చీటీ లేకుండా ఇవ్వొచ్చనుకునేవు. అవి షెడ్యూల్ హెచ్, చీటీ ఉండాల్సిందే.

దగ్గు రెండు వారాలు దాటినవాడికి లీవోఫ్లాక్సాసిన్ మాత్రం చచ్చినా ఇవ్వకు. టీబీ అయితే ఆ మందుకి కాస్త తగ్గినట్టు కనిపిస్తుంది, అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది, మొండి టీబీకి వాడాల్సిన మందు కూడా చెడిపోతుంది. కఫం పరీక్షకి సర్కారు ఆస్పత్రికి పంపు, అక్కడ టీబీ మందులు ఉచితం. టీబీ మందు కొనేవాళ్ల వివరాలు తెలియజేయాల్సిన బాధ్యత 2018 నుంచి మన షాపుల మీద కూడా ఉంది.

టైఫాయిడ్‌కి చేసే విడాల్ రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్లతో ఓపిక ఉండాలి. రెండో రోజు జ్వరానికే "టైఫాయిడ్ పాజిటివ్ అమ్మా" అంటారు. మన ప్రాంతంలో ఆ ఒక్క పరీక్షని నమ్మడానికి లేదు, పాత జ్వరానికీ, వేరే జ్వరానికీ కూడా పాజిటివ్ చూపిస్తుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు బ్లడ్ కల్చర్ ఇస్తేనే సరిగ్గా తెలుస్తుంది. టైఫాయిడ్ అనగానే నాకు సింధ్ గుర్తొస్తుంది. అక్కడా ఒక హైదరాబాద్ ఉంది, పాకిస్తాన్‌ది. 2016 చివర్లో ఆ ఊళ్లో మొదలైన టైఫాయిడ్‌కి పాత మందులన్నీ పోయాయి, సెఫ్ట్రియాక్సోన్ కూడా పోయింది. మాత్రల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. ఆ పిల్లలకి వేసిన టీకా మన హైదరాబాద్ భారత్ బయోటెక్‌లో తయారైంది. 2019లో పాకిస్తాన్ దాన్ని పిల్లలకి మామూలుగా వేసే టీకాల్లో చేర్చింది, అలా చేర్చిన మొదటి దేశం అదే. ఇప్పుడు చెప్పు, ఆ మిగిలిన ఒక్క మాత్రని మనం జలుబుకి పంచిపెడుతున్నాం కదా!

ఇంత చదివి బెదిరిపోయి ఎవరికీ ఏదీ ఇవ్వనని కూర్చుంటావేమో, అదీ నాకు భయమే. 2019లో మందులకి లొంగని బ్యాక్టీరియా నేరుగా 12.7 లక్షల మందిని చంపిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో లెక్క వేశారు. జనాభా లెక్కన చూస్తే అన్నిటికంటే ఎక్కువ చావులు పశ్చిమ ఆఫ్రికా వైపు. అక్కడివాళ్లు మందులు మింగేసి చచ్చిపోలేదమ్మా. మంచి నీళ్లు లేక, కల్చర్ చేసే ల్యాబు లేక, పనిచేసే రెండో మందు ఊళ్లో దొరక్క పోయారు. పాడేరు నుంచి, అరకు నుంచి బిడ్డని చంకనేసుకుని విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చే తల్లిని చూస్తే అది ఎక్కడో దూరంగా ఉన్న సంగతి అనిపించదు. కాబట్టి గడియారంలో సెకన్ల ముల్లు చూడటం అలవాటు చేసుకో. రెండు నెలలు నిండిన ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఆ పైన అయిదేళ్లలోపు పిల్ల 40 సార్లు, లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తుంటే, డొక్కలు ఎగరేస్తుంటే వెంటనే డాక్టరు దగ్గరికి పంపు. ఆ పిల్లలకి అమాక్సిసిలిన్ గంటల్లో పడాలి, నీ దగ్గర సిరప్ ఎప్పుడూ ఉండాలి. రెండు నెలల్లోపు పసిగుడ్డుకి జ్వరమన్నా, పాలు తాగట్లేదన్నా డ్రాప్స్ జోలికి పోకు, ఆటో పిలిచి ఎక్కించు. డబ్బులు లేవంటే నువ్వే ఇవ్వు, నా ఖాతాలో రాసుకో.

తిడుతున్నాననుకోకు. నీ వయసులో నాకు ఈ ధైర్యం లేదు. అద్దె ఎంతో మీ అమ్మ చెప్పలేదు, ఎక్కువే అయ్యుంటుంది. మొదటి ఆరు నెలలు గిరాకీ తక్కువుంటే కంగారుపడి చీటీ లేనివాళ్లకి కత్తెర తీయకు, అద్దెకి నన్నడుగు. బీపీ, షుగర్ మందులు నిలకడగా పెట్టుకుంటే ఆ వీధి పెద్దవాళ్లందరూ నెలనెలా నీ దగ్గరికే వస్తారు, షాపు దాని మీదే నిలబడుతుంది.

వచ్చే ఆదివారం అత్తయ్య, నేను వస్తున్నాం. ర్యాకులు నేనే బిగిస్తాను, కార్పెంటరుకి డబ్బులివ్వకు. ఆ రోజు ఏ రెప్ వచ్చినా సోమవారం రమ్మను. భోజనం మీ ఇంట్లోనే, పీతలు దొరికితే మీ అమ్మని వండమను.

ఆశీస్సులతో,
మావయ్య