పైప్ ఆపరేటర్ ఎందుకు, బ్రాకెట్లు చాలవా?

పని జరగడానికైతే బ్రాకెట్లు చాలు, పైప్ కొత్తగా చేసేదేం లేదు. ఎఫ్ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పైప్ గుర్తు |> డెఫినిషన్ ఒక్క లైనే, ఎడమ పక్క విలువ తీసుకుని కుడి పక్క ఫంక్షన్‌కి ఇస్తుంది, అంతే. తేడా అంతా చదివేవాళ్ళకి. ఒక లిస్టులో సరి సంఖ్యలు ఏరి, వాటి వర్గాలు కట్టి, కూడాలనుకోండి, మామూలుగా అయితే కూడు(వర్గాలు(ఏరు(లిస్టు))) అని రాస్తాం, అంటే ముందు జరిగే పని అన్నిటికన్నా లోపల దాక్కుంటుంది. అదే లిస్టు |> ఏరు |> వర్గాలు |> కూడు అంటే జరిగే వరసలోనే చదువుకుంటూ పోవచ్చు, మధ్యలో ఇంకో స్టెప్ కావాలన్నా ఒక లైన్ చేరిస్తే సరి, చివర్లో బ్రాకెట్లు లెక్కపెట్టే గోల ఉండదు.

హాస్కెల్‌లో ఈ పని & చేస్తుంది. అక్కడే ఫంక్షన్‌కి కుడి పక్కది ఇచ్చే $ గుర్తు మాత్రం వరస మార్చదు, దాని ప్రిసిడెన్స్ (ఏ గుర్తు ముందు పనిచేయాలో చెప్పే స్థాయి) 0, అంటే అన్నిటికన్నా తక్కువ, కాబట్టి కుడి పక్కదంతా ఒకే బ్రాకెట్‌లో ఉన్నట్టు లెక్క. ఆర్ భాషలో కూడా 2021లో 4.1 వెర్షన్‌తో |> వచ్చేసింది.

ఒక్కటి జాగ్రత్తగా చూసుకోండి, ఎలిక్సిర్‌లో విలువ మొదటి ఆర్గ్యుమెంట్‌గా (ఫంక్షన్‌కి ఇచ్చే విలువల్లో మొదటిదిగా) వెళ్తుంది, ఎఫ్ షార్ప్, ఓకామెల్‌లో మాత్రం మిగిలిన చివరి ఆర్గ్యుమెంట్‌గా వెళ్తుంది, అందుకే ఎఫ్ షార్ప్‌లో 10 |> (-) 3 అని రాస్తే అది 3 - 10 అవుతుంది, 7 రాదు, -7 వస్తుంది.

ఇక సొంతంగా >=>! లాంటి గుర్తులు కనిపెట్టడం నాకైతే అస్సలు నచ్చదు, టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళు దాన్ని సెర్చ్ కూడా చేయలేరు, మంచి పేరున్న ఫంక్షన్ రాయండి.