చెరువులో గుర్రపుడెక్క: మందు కొట్టాలా, చేత్తో తీయాలా?

ఎకరం లోపు ఊరచెరువు, సగానికి పైగా గుర్రపుడెక్క కమ్మేసింది, మందు కొట్టిద్దామా మనుషుల్ని దింపుదామా అని అడిగారు. పశువులు తాగే నీళ్లు, చేపలు కూడా ఉన్నాయంటున్నారు కాబట్టి నేనైతే మనుషుల్నే దింపమంటాను. పశ్చిమ గోదావరిలో మా ఊళ్లో ఏటా అలాగే తీస్తాం, నేనూ దిగుతాను. మందు కొడితే చచ్చిన డెక్కంతా చెరువులోనే కుళ్లుతుంది. ఆ కుళ్లుకి నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. చెరువు చేపల్ని ఎవరైనా వేలంపాటలో పాడుకుని ఉంటే ముందు వాళ్లతో మాట్లాడుకోండి.

మా వైపు వేసవిలో కాలువలు కట్టేశాక నీళ్లు మొలలోతుకి దిగుతాయి, అప్పుడు మొదలుపెడతాం. వీలైతే పూత రాకముందే తీసేయండి. పువ్వు వాడాక కాడ వంగి నీళ్లలో మునుగుతుంది, గింజలు అడుగుకి చేరతాయి. బురదలో అవి 15 ఏళ్లకు పైగా మొలకెత్తే శక్తితో ఉండగలవు.

గాలి ఎటు కొడుతుందో చూసుకోండి. డెక్కంతా అటువైపు గట్టుకి చేరుతుంది, పని అక్కడే. ఒక్కో మొక్కా పీకుతూ పోతే నడుము నిలవదు. మొక్కలన్నీ నీటి మట్టంలో అడ్డకాడలతో ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. ఆ కాడల్ని కొడవలితో కోసి, నులకమంచం అంత ముక్క విడదీసి, చుట్టూ మోకు వేసి గట్టు మీద వాళ్లని లాగమనండి, నీళ్లలో ఉన్నవాళ్లు వెనక నుంచి నెట్టాలి. డెక్కలో నూటికి తొంభై పాళ్లు పైగా నీరే. తీసింది తీసినట్టు మోయకుండా గట్టున ఒక రోజు వాడనిస్తే తట్టలు తేలికవుతాయి.

చేతికొచ్చిన మొక్కని గట్టుకి విసిరే ముందు వేళ్లని నీళ్లలో ఒకసారి జాడించండి. నల్లగా ఈకల్లా గుబురుగా ఉండే ఆ వేళ్లలో చేపపిల్లలు, చిన్న రొయ్యలు, నత్తలు దాక్కుంటాయి. జాడిస్తే చాలావరకు చెరువులోకి జారిపోతాయి. మా పిల్లలకి ఆ పని మహా ఇష్టం, వాళ్లని గట్టు దగ్గర లోతు లేనిచోటే ఉంచుతాం.

కాళ్ల మీద పుండ్లు, గాయాలు ఉన్నవాళ్లని దింపకండి, పశువులు తిరిగే నీళ్లలో గాయాల్లోంచి ఒంట్లోకి చేరే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం భయం ఉంటుంది. నీరుకట్టె పాముకి విషం లేదు. గట్టున వేసిన కుప్పల దగ్గర మాత్రం జాగ్రత్త, వాటిలోకి రక్తపింజర చేరొచ్చు. చేత్తో కెలక్కుండా కర్రతో కదపండి.

అన్నిటికంటే ముఖ్యం ఆ తర్వాతి నెలలు. వేడి వాతావరణంలో ఇది రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. జమ్ములో, తూటికాడల మధ్య అరచేయంత పిల్లమొక్కలు మిగిలిపోతాయి. వారానికోసారి ఒకరు గట్టు చుట్టూ తిరిగి చేతివలతో అవి ఏరేస్తే చాలు, అది చెయ్యకపోతే పడ్డ కష్టమంతా వృథా. కాలువ నీళ్లు వదలకముందే తూము దగ్గర వెదురు తడిక కట్టండి, కొత్త నీటితో మళ్లీ డెక్క కొట్టుకొస్తుంది. తడికకి తట్టుకున్నది రోజూ తీసేయాలి, లేకపోతే నీళ్లు రావు.

తీసిందాన్ని వాన నీటికి తిరిగి చెరువులోకి జారకుండా గట్టు దిగువన కుప్ప వేసి, పొరకో పొర పేడ చల్లితే ఎరువవుతుంది. మీ చెరువులోకి ఊరి మురుగు గానీ ఫ్యాక్టరీ నీళ్లు గానీ వస్తుంటే ఆ ఎరువు కూరగాయలకి వాడకండి, డెక్క సీసం, కాడ్మియం లాంటివి పీల్చుకుంటుంది. అంత జోరుగా పెరగడానికి బలం కూడా ఆ మురుగే ఇస్తుంది. పంచాయతీతో మాట్లాడి ఆ మురుగు కాలువ మళ్లించే పని కూడా ఈ వేసవిలోనే పెట్టుకోండి.