డీజిల్ బాగోలేక లారీ మైలేజీ పడిపోయింది, బంకుపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది వనస్థలిపురం. ఫైనాన్స్‌లో తీసుకున్న పది టైర్ల బీఎస్-6 లారీని నేనే నడుపుకుంటున్నాను. సాయానికి ఒక క్లీనర్ ఉన్నాడు. ఆటోనగర్ నుంచి విజయవాడ, సోలాపూర్ వైపు లోడ్లు వేస్తాను. లోడు మీద లీటరుకు 4.2 కిలోమీటర్లు వచ్చే బండి, గత నెల హైవే మీద ఒక బంకులో 250 లీటర్లు కొట్టించాక 3.5కు పడిపోయింది. పికప్ లేదు, పొగ వస్తోంది. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు రెండు పోయాయని, డీజిల్‌లో నీళ్లున్నాయని మెకానిక్ చెప్పాడు. ట్యాంకు కడిగించేటప్పుడు పాత డీజిల్ కొంత క్యాన్‌లో పట్టి ఉంచాను. రిపేరుకు 1,10,000 అయింది. డీజిల్ కల్తీ అయితే వారంటీ వర్తించదని షోరూం వాళ్లు అంటున్నారు. బంకు యజమానేమో ‘కేసు వేసుకో’ అంటున్నాడు. పోయిన మైలేజీతో సహా నష్టపరిహారం వస్తుందా?

జవాబు: కేసు వేయవచ్చు. అయితే మైలేజీని ముందు పెట్టి వేయకండి, ఇంజెక్టర్లను ముందు పెట్టి వేయండి.

ఎందుకంటే మైలేజీ లెక్క మీకే ఎదురు తిరుగుతుంది. కల్తీకి వాడే కిరోసిన్ సంగతే చూడండి. లీటరు కిరోసిన్‌లో ఉండే శక్తి లీటరు డీజిల్‌ కంటే సుమారు మూడు నాలుగు శాతమే తక్కువ. అంటే ట్యాంకులో ఐదో వంతు కిరోసిన్ కలిపినా ఆ ఒక్క కారణంతో మైలేజీ ఒక శాతం కూడా తగ్గకపోవచ్చు. మీకు తగ్గింది దాదాపు 17 శాతం. అవతలి లాయరుకు ఈ లెక్క చాలు. ఆ ట్రిప్పులో లోడెంత, టైర్లలో గాలి ఉందా, ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారు, పొగను శుద్ధి చేసే యూరియా ద్రవం ఎక్కడ పోయించారు అని వరసగా అడుగుతాడు. ఒక్కదానికి తడబడినా మీ మైలేజీ మాట నిలవదు.

నిజానికి చెడ్డ డీజిల్ మైలేజీని తినేది ఇంకో దారిలో. బీఎస్-6 ఇంజిన్లలో పంపుకూ ఇంజెక్టర్లకూ డీజిలే లూబ్రికేషన్. కిరోసిన్ కలిస్తే ఆ జిడ్డు తగ్గి లోపలి భాగాలు అరుగుతాయి. నీళ్లు చేరితే తుప్పు పట్టి నాజిల్ పాడవుతుంది. స్ప్రే సరిగా పడక డీజిల్ పూర్తిగా మండదు, పొగ వస్తుంది, పికప్ పోతుంది, ఆ తర్వాత మైలేజీ పోతుంది. మీ బండి లక్షణాలు ఈ వరసకు సరిపోతున్నాయి. కాబట్టి ఫిర్యాదులో పాడైన ఇంజెక్టర్లు, రిపేరు బిల్లు, బండి షెడ్డులో నిలిచిన రోజుల కిరాయి నష్టం, మానసిక వేదన, కోర్టు ఖర్చులు అడగండి. మైలేజీ తగ్గడాన్ని ఆ నష్టానికి గుర్తుగా ఒక పేరాలో రాస్తే చాలు.

‘లారీ వ్యాపారం కదా, మీరు వినియోగదారుడు ఎలా అవుతారు’ అన్నది బంకు వేసే మొదటి అభ్యంతరం. దీనికి భయపడొద్దు. వ్యాపారం కోసం సరుకు కొన్నవారు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కిందికి రారన్నది నిజమే. కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే కొన్నవారికి అదే చట్టంలో మినహాయింపు ఉంది. లారీ కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడేనని, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మీ క్లీనర్ వల్ల ఇబ్బంది లేదు. డ్రైవింగ్ లైసెన్సు, ఆర్సీ, కిస్తీల స్టేట్‌మెంట్ జతచేసి, బండి నేనే నడుపుతానని అఫిడవిట్‌లో స్పష్టంగా రాయండి. నాలుగు లారీలు జీతం డ్రైవర్లకు అప్పగించి తిప్పే ఓనర్లకు మాత్రం ఈ దారి లేదు, వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాలి.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. మీ క్యాన్. ట్యాంకు కడిగించింది మీరు, డీజిల్ పట్టింది మీరు, క్యాన్ ఉన్నది మీ దగ్గర. సీలు లేదు, సాక్షి సంతకం లేదు. ‘నీళ్లు మీరే పోశారేమో’ అని అవతలి పక్షం అనక మానదు. పైగా ట్యాంకులో అంతకుముందు వేరే బంకుల్లో కొట్టించిన డీజిల్ ఎంతో కొంత ఉంటుంది. దాన్నీ లాగుతారు. బంకులో ఇప్పుడు శాంపిల్ తీయించినా నెల నాటి సరుకు అక్కడ ఉండదు. అలాగని క్యాన్ పారబోయొద్దు. దాన్ని వినియోగదారుల కమిషన్ ముందు పెట్టి, సీలు చేసి ల్యాబుకు పంపమని అదే చట్టం సెక్షన్ 38 కింద పిటిషన్ వేయవచ్చు. ఫీజు మీరు కట్టాలి, ల్యాబు 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. క్యాన్ బలం తక్కువైనా, దాని చుట్టూ కట్టగలిగిన సాక్ష్యం చాలా ఉంది.

ముందు మెకానిక్ షెడ్డుకు వెళ్లి పాత ఇంజెక్టర్లు, డీజిల్ ఫిల్టర్ తెచ్చుకోండి. పాత సామానుకు పడిపోతే మళ్లీ దొరకవు. మెకానిక్‌తో అఫిడవిట్ తీసుకోండి. బంకు బిల్లు థర్మల్ పేపర్ మీద ఉంటే అక్షరాలు చెరిగిపోకముందే ఫొటో తీసి పెట్టండి, యూపీఐ చెల్లింపు రికార్డు ఉంటే ఇంకా మంచిది. ఫాస్టాగ్ స్టేట్‌మెంటు, ఈ-వే బిల్లులు కలిపితే బండి ఎప్పుడు ఎక్కడ ఏ లోడుతో తిరిగిందో తేలుతుంది. అదే రోజు అదే బంకులో కొట్టించి ఇబ్బంది పడిన ఇంకో డ్రైవరు దొరికితే మాత్రం కేసు స్వరూపమే మారిపోతుంది. ఆటోనగర్‌లో వాకబు చేయండి. నా దృష్టిలో ల్యాబు రిపోర్టు తర్వాత అంత గట్టి సాక్ష్యం ఇదే.

ఆ రోజు బంకులో డీజిల్ సాంద్రత కొలిచి రాసిన డెన్సిటీ రిజిస్టరు, ట్యాంకులో నీళ్లు చూసిన రికార్డు హాజరుపరచమని కూడా కమిషన్‌ను కోరండి. ట్యాంకరు చలానాలో ఉన్న డెన్సిటీకి, బంకులో కొలిచిన డెన్సిటీకి తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు మించకూడదన్నది ఆయిల్ కంపెనీల నియమం. అయితే నీళ్లు అడుగున విడిగా చేరితే డెన్సిటీలో కనబడవు. ట్యాంకులోకి దించే డిప్ రాడ్‌కు, నీళ్లు తగిలితే రంగు మారే వాటర్ ఫైండింగ్ పేస్ట్ రాసి చూస్తేనే తెలుస్తుంది. భూగర్భ ట్యాంకులోకి వాన నీరు దిగితే అది కావాలని చేసిన కల్తీ కాకపోవచ్చు. అయినా లోపమున్న సరుకు అమ్మినట్టే, బాధ్యత తప్పదు.

షోరూం వాళ్ల మాటలో మీకు ఒక లాభం ఉంది. వారంటీ ఎందుకు ఇవ్వడం లేదో కారణం రాతపూర్వకంగా అడగండి. ‘డీజిల్ కల్తీ వల్ల ఇంజెక్టర్లు పాడయ్యాయి’ అని రాసిస్తే అది బంకు మీద మీకు సాక్ష్యం. పరీక్ష చేయకుండానే అలా అన్నామని ఒప్పుకుంటే వారంటీ నిరాకరణ నిలవదు. అందుకే బంకును, ఆయిల్ కంపెనీని, బండి తయారీ కంపెనీని, షోరూంను అందరినీ ప్రతివాదులుగా చేర్చండి. వాళ్లలో వాళ్లు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు, మీ పని సగం అక్కడే అవుతుంది.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. కేసు విలువను మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాక, చెల్లించిన సొమ్మును బట్టి లెక్కిస్తారు కాబట్టి మీది జిల్లా కమిషన్ పరిధిలోకే వస్తుంది, 5 లక్షల వరకు ఫీజు లేదు. బంకు ఏ జిల్లాలో, ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే చోటే వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. అంతకుముందు బంకుకు, ఆయిల్ కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కల్తీ నేరం సంగతి వేరు. అది నిత్యావసర వస్తువుల చట్టం కిందికి వస్తుంది. ఆ ఫిర్యాదు ఆయిల్ కంపెనీ సేల్స్ ఆఫీసరుకో, పౌర సరఫరాల శాఖకో ఇవ్వాలి. హైదరాబాద్ నగరంలో అయితే చీఫ్ రేషనింగ్ ఆఫీసరు. వాళ్లు దాడి చేసినా మీ రిపేరు డబ్బు మాత్రం అక్కడ రాదు.

ఇకపై అనుమానం వస్తే ట్యాంకు విప్పించకముందే ఫోన్ చేయాల్సింది సేల్స్ ఆఫీసరుకు. అధీకృత అధికారి బండి ట్యాంకులోంచి కూడా అల్యూమినియం డబ్బాల్లో శాంపిల్ తీసి సీలు వేయవచ్చు. ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి చూసే పరీక్ష పెట్రోలుకే, డీజిల్‌కు పనికిరాదు.

ఒక మాట మీ లాయరుకు మాత్రం దాచకుండా చెప్పండి. దారిలో చవగ్గా దొరికే ‘బయోడీజిల్’ గానీ, ట్యాంకర్ల దగ్గర బిల్లు లేకుండా అమ్మే డీజిల్ గానీ ఆ నెలలో ఒక్కసారైనా పోయించి ఉంటే, కేసు దాఖలు కాకముందే ఆయనకు తెలియాలి. ఫాస్టాగ్ లెక్కకు, డీజిల్ బిల్లుల లెక్కకు మధ్య తేడా వస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది ఎలాగూ బయటపడుతుంది.